సుట్టాల హ్యాంగర్లు

మా ఇంట్లో హ్యాంగర్లు రెండు రకాలు. ఇంట్లోవాళ్ళవి కొన్ని, సుట్టాలవి కొన్ని. ఇంట్లోవాళ్ళవి ఎప్పుడూ బట్టలు మోస్తూనే ఉండేవి. సుట్టాలవి మాత్రం ఖాళీగా, పెద్దర్ర దర్వాజ వెనుక కొట్టిన పొడుగు మొలకు, కొక్కేలన్నీ ఒకే దిక్కుకు తిరిగి వేలాడేవి. వాటిని మేము ముట్టుకోవద్దు. ఎంత అవసరమొచ్చినా సరే. పండుగపూట కొత్త అంగి తగిలించుకుందామని తమ్ముడు అటు చెయ్యి చాపితే, వంటింట్లో ఉన్న అమ్మకు ఎట్లా తెలిసేదో తెలిసిపోయేది. "అవి సుట్టాలయిరా, నీది దండెం మీద ఎయ్యి" అనేది.

నల్లగొండలో మాది కిరాయి ఇల్లు. వాకిట్లో నిలబడితే లతీఫ్ సాహెబ్ గుట్ట కనిపించేది. నాయిన సర్కారు బడిలో సారు. రెండు అర్రలు, ఒక వంటిల్లు, వెనుక చిన్న పెరడు. అంతే ఇల్లు. కానీ జిల్లా కేంద్రంలో ఉన్నవాళ్ళ ఇల్లు ఎంత చిన్నదైనా అది ఊళ్ళలో ఉన్న బంధువులందరి ఇల్లు కూడా. కలెక్టరాఫీసులో పని, కోర్టులో వాయిదా, పెద్దాసుపత్రిలో చూపించుకోవడం, డీఎస్సీ పరీక్ష, ఏదో ఇంటర్వ్యూ... ఏదున్నా ముందురోజు సాయంత్రమే బస్సు దిగి మా ఇంటికి వచ్చేవాళ్ళు. 2016లో సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు విడిపోయేదాకా కోదాడ వాళ్ళకైనా, ఆలేరు వాళ్ళకైనా, దేవరకొండ అవతలి తండాల వాళ్ళకైనా జిల్లా అంటే నల్లగొండే. పొద్దున పదింటికల్లా ఆఫీసు మెట్ల మీద ఉండాలంటే తెల్లవారు బస్సును నమ్ముకుంటే పని కాదు కదా.

అట్లా వచ్చేవాళ్ళలో చాలామందికి ఒక్కటే మంచి అంగి ఉండేది. అది తొడుక్కునే వచ్చేవారు. అమ్మకు హ్యాంగర్ల మీద ఉన్న పట్టింపంతా ఆ ఒక్క అంగి కోసమే.

మా పెద్దనాయిన ఒకాయన భూమి తగాదా మీద ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరిగాడు. తెల్ల ధోవతి, తెల్ల అంగి, భుజాన సెల్లా. మే నెలలో నల్లగొండ ఎండలు ఎట్లుంటాయో చెప్పక్కర్లేదు. బస్సులో నిలబడి, చెమటకు తడిసి, వీపు దగ్గర అంగి ముడతలు పడి వచ్చేవాడు. కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, అంగి విప్పగానే అమ్మ అందుకునేది. అప్పటికే ఇంకో చేతిలో సుట్టాల హ్యాంగర్ ఉండేది. అంగిని దానికి తొడిగి, పై గుండీ పెట్టి, కాలరు నిలబెట్టి, తడి చేత్తో భుజాల మీది నుంచి కిందికి ఒక్కో ముడతా సవరించేది. చేతుల అంచులను మెల్లగా కిందికి లాగేది. ఆ తరువాత గాలి తగిలే కిటికీ ఊచకు తగిలించేది. రాత్రంతా అది అక్కడే ఆరేది. పొద్దున పెద్దనాయిన తొడుక్కుంటే ఇస్త్రీ చేసిన అంగికీ దానికీ పెద్ద తేడా ఉండేది కాదు. "నీ పుణ్యాన జడ్జి ముంగట నీటుగ నిలబడుతున్నమ్మా" అని మరదలితో అనేవాడు ఆయన. అమ్మ తల మీది కొంగు సవరించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

నేను హైస్కూలుకు వచ్చాక ఒకసారి అడిగాను, ఇన్ని ఖాళీగా ఉంచడం ఎందుకు, మాకు ఇయ్యొచ్చు కదా అని. "రాత్రి పదింటికి సుట్టం వస్తే అంగి యాడ ఏస్తడు బిడ్డా? మొలకు ఏస్తే మెడకాడ పొక్కి లేస్తది. తెల్లారి అది ఏసుకొనే దొరల ముంగటికి పోవాలె" అంది. పొక్కి అని అమ్మ అన్నది, మొలకు తగిలించిన అంగికి కాలరు కింద లేచే బుడిపెను. ఒకసారి లేస్తే ఇస్త్రీ పెట్టినా దాని గుర్తు పోదు.

అమ్మ పుట్టిన ఊరు పుట్టపాక. సంస్థాన్ నారాయణపురం దగ్గర. తేలియా రుమాలు నేసే ఊరు. ఆ రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అమ్మ పేపరు కత్తిరించి దాచుకుంది. అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో అసలు హ్యాంగరన్న మాటే లేదు. గోడలకు చిలుక కొయ్యలుండేవి. తాత సెల్లా ఒకదానికి, మామయ్య అంగి ఒకదానికి, చేతిసంచి ఒకదానికి. అర్రలో వాసాలకు తాళ్ళు కట్టి వేలాడదీసిన వెదురు బొంగు దండెం. చీరలు, ధోవతులు మడిచి దాని మీద వేసేవారు. నేత ఇల్లు కాబట్టి బట్ట ఎట్లా వేలాడాలి, ఎక్కడ బరువు పడుతుంది, ఏ మడత ఎన్నాళ్ళు ఉంచొచ్చు అన్నది వాళ్ళకు చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతి. వెదురు గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని మీద వేసిన చీరకు మడత గీత పడదు. సన్నటి తాడు మీద వేస్తే పడుతుంది. ఆ తెలివి అంతా అమ్మ నల్లగొండకు వచ్చేటప్పుడు వెంట తెచ్చుకుంది.

మా ఇంటికి వచ్చిన మొదటి హ్యాంగర్ కట్టెది. నాయిన వాళ్ళ నాయిన, అంటే మా తాత, నాగార్జున సాగర్ కట్టేటప్పుడు అక్కడ స్టోర్‌లో పనిచేశాడు. 1955లో నెహ్రూ పునాదిరాయి వేస్తే 1967 దాకా సాగింది ఆ కట్ట పని. రాయితో కట్టిన ఆనకట్ట, మనుషుల చేతుల మీద లేచింది. అక్కడి హిల్ కాలనీ క్వార్టర్లలో ఉన్న ఒక ఇంజినీరు బదిలీ మీద పోతూ సామాను తగ్గించుకుంటుంటే తాతకు ఒక కోటు హ్యాంగర్ ఇచ్చాడట. తాతకు కోటు లేదు. అయినా తెచ్చుకున్నాడు. నున్నటి కట్టె, మనిషి భుజాల వంపుతో, రెండు చివర్లా వెడల్పుగా, నడుమ ఇత్తడి కొక్కెం. దాన్ని తాత తన ధోవతి వేసుకోవడానికి వాడాడు.

నాయిన పెండ్లికి అత్తగారు సూటు పెట్టారు. గోధుమ రంగు ఉన్ని కోటు. ప్రకాశం బజారులో కుట్టించింది. అప్పుడు ఆ కట్టె హ్యాంగర్‌కు అసలు పని దొరికింది. కోటుకు సన్న తీగ పనికిరాదు. కోటు బరువంతా భుజాల మీదే ఉంటుంది, తీగ మీద వేస్తే నాలుగు నెలల్లో భుజం చివర తీగ పొడుచుకొచ్చి ముక్కులాగా లేస్తుంది. వెడల్పు కట్టె అయితే భుజం నిండా ఆనుతుంది. నాయిన ఆ కోటును జనవరి 26న, దగ్గరి వాళ్ళ పెండ్లిళ్ళకు వేసుకునేవాడు. మిగతా ఏడాదంతా అది పాత ధోవతి గుడ్డ కప్పుకుని బీరువాలో ఉండేది. జేబుల్లో ఎండిన వేపాకు, అడుగున డాంబరు గోళీలు. బీరువా తలుపు తెరిస్తే వచ్చే ఆ వాసన నాకు నాయిన వాసనే.

ఒక్క కట్టె హ్యాంగర్ సరిపోదని అమ్మ దాన్ని పట్టుకుని మా గల్లీ చివరి వడ్లాయన దగ్గరికి పోయింది. ఆయన దర్వాజలు చేసేవాడు. మిగిలిన టేకు ముక్కలతో అట్లాంటివే చేసిపెట్టమంది. ఆయన హ్యాంగర్‌ను తిప్పి తిప్పి చూసి, కట్టె మీద పెట్టి పెన్సిలుతో గీత గీసుకున్నాడు. బాడిసెతో చెక్కి, గాజుపెంకుతో గీకి నున్నగా చేశాడు. కొక్కేలు కమ్మరి దగ్గర సన్న ఊచ వంచి చేయించాడు. ఇంజినీరు హ్యాంగర్ అంత సోకుగా రాలేదు గాని గట్టిదనంలో దాన్ని మించాయి. పేరంటానికి వచ్చినవాళ్ళకు అమ్మ వాటిని చూపించేది. అందులో రెండు ఇప్పటికీ తమ్ముడింట్లో ఉన్నాయి.

తీగ హ్యాంగర్లు ఇంట్లోకి రావడం చీరల రోలింగ్ షాపుతో మొదలైంది. పట్టుచీరలు పాలిష్‌కు ఇస్తే మడిచి హ్యాంగర్ మీద వేసి ఇచ్చేవారు. ఆ తరువాత నాకు పెండ్లయి మక్తల్ దిక్కు కోడలిగా పోయాక అవి కట్టలు కట్టలుగా వచ్చిపడ్డాయి. మా చిన్నమామ బొంబాయిలో ఒక లాండ్రీలో పనిచేసేవాడు. పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు వలస పోని ఇల్లు ఆ దిక్కు తక్కువ. ఏడాదికోసారి జాతరకో, దసరాకో వస్తూ ఆయన తెచ్చే సామానులో వంకరపోయి షాపులో పనికిరావని పక్కన పడేసిన తీగ హ్యాంగర్ల కట్ట ఒకటి తప్పకుండా ఉండేది. ఆ కట్ట కట్టడం చూడాలి. తీగ హ్యాంగర్ల గుణం తెలిసినవాళ్ళకే అది తెలుస్తుంది. సంచిలో ఊరికే పడేస్తే ఒకదాని కొక్కెం ఇంకోదాని మూలలో ఇరుక్కుంటుంది, ఒకటి లాగితే పది లేస్తాయి. చిన్నమామ అన్ని కొక్కేలనూ ఒకే దిక్కు తిప్పి, ఒకదాని మీద ఒకటి అంటుకునేటట్టు పేర్చి, మెడ దగ్గర ఒక కట్టు, కింది కడ్డీ నడుమ ఇంకో కట్టు వేసేవాడు. రెండు కట్లూ ఉంటేనే కదలవు. "మెడకు ఒక్కటే కడితే కింద కాళ్ళు ఎడంగ జరుగుతయ్ పిల్లా, ఇగ సగం దారిల్నే చిక్కు పడుతయ్" అని నాకు చూపించాడు. నేను అది నల్లగొండకు వచ్చినప్పుడు అమ్మకు చూపించాను. అమ్మ అప్పటి నుంచి అట్లాగే కట్టింది.

ఈ తీగ హ్యాంగర్ పుట్టుక గురించి ఒక కథ చెబుతారు. 1903లో అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం జాక్సన్ ఊళ్ళో, టింబర్‌లేక్ అనే తీగ సామాన్ల కంపెనీలో పనిచేసే ఆల్బర్ట్ పార్క్‌హౌస్ పొద్దున్నే పనికి వస్తే కోటు తగిలించడానికి ఒక్క కొక్కెం కూడా ఖాళీ లేదట. అక్కడున్న తీగ ముక్క తీసి, రెండు పక్కలా వంచి, మెడ మెలిపెట్టి, కోటు దానికి వేశాడట. ఇది చదివి అమ్మకు చెబితే, "గదే మరి, జాగ లేక పాపం" అంది. ఆమెకు కంపెనీ, అమెరికా ఏవీ పట్టలేదు. చలికాలం పొద్దున్నే కోటు చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషి ఒక్కడే కనిపించాడు.

తీగతో వచ్చే పెద్ద బాధ జంగు. పైన పూసిన రంగు పోగానే జంగు పడుతుంది. తడి అంగి వేస్తే భుజాల మీద ఎర్రటి మరక. మా బోరు నీళ్ళు ఉప్పనీళ్ళు, సబ్బు నురగ రాదు, తెల్లబట్టలు ఎంత ఉతికినా మబ్బుగానే ఉండేవి. దాని మీద జంగు మరక కూడా పడితే ఇక ఆ అంగి పనైపోయినట్టే. నిమ్మకాయ రసం, ఉప్పు కలిపి మరక మీద రుద్ది ఎండలో పెడితే చాలామటుకు పోతుంది. తెల్లబట్టకైతే సరే, రంగుబట్టకు మరకతో పాటు రంగు కూడా పోతుంది. సుట్టపాయన అంగికి మన ఇంట్లో మరక పడితే ఏమని చెప్పుకోవాలి?

అందుకు అమ్మ నేత ఇంటి ఉపాయం వాడింది. పుట్టపాక పోయినప్పుడల్లా మగ్గాల దగ్గర మిగిలిపోయిన నూలు పోగులు తెచ్చేది. ఎర్రవి, నల్లవి, పసుపువి, అద్దకం సరిగా పట్టక పక్కన పెట్టినవి. ముందు హ్యాంగర్‌ను బూడిదతో గట్టిగా తోమి, కడిగి, తుడిచి, బండ మీద ఎండకు పెట్టేది. మా ఎండలో అరగంట చాలు. తరువాత కాళ్ళు చాపుకుని కూర్చునేది. మెడ కింద మెలి దగ్గర పోగు కొసను తీగ వెంబడి పడుకోబెట్టి, దాని మీది నుంచే చుట్టడం మొదలుపెట్టేది. చూసేవాళ్ళకు ఆమె నూలు చుడుతున్నట్టు కనిపించేది గాని నిజానికి కుడిచేతిలో నూలు బిగువుగా ఆగి ఉండేది, ఎడమచేతిలో హ్యాంగరే తిరిగేది. చుట్టు పక్కన చుట్టు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, నడుమ తీగ కనిపించకుండా. మూల మలుపు దగ్గర వేలితో నొక్కి పట్టి రెండు మూడు చుట్లు దగ్గర దగ్గరగా వేసేది. తిరిగి మెడ దగ్గరికి వచ్చాక కొసను దబ్బనంతో చుట్ల లోపలికి దూర్చేది. "ముడి ఎయ్యొద్దు, ముడి బట్టకు గుచ్చుకుంటది" అనేది. ఒక్క హ్యాంగర్ పూర్తయ్యేసరికి సీరియల్ అయిపోయేది.

జారే బట్టలకు ఇంకోటి చేసేది. చిటికి కట్టే ఇళ్ళల్లో అద్దకం వేసేముందు నూలుకు ఎక్కడెక్కడ రంగు అంటకూడదో అక్కడ సైకిల్ ట్యూబు కత్తిరించిన సన్న రబ్బరు పట్టీలు బిగించి కడతారు. పోచంపల్లిలో, పుట్టపాకలో ఏ ఇంటికి పోయినా ఆ నల్ల రబ్బరు ముక్కలు కనబడతాయి. అమ్మ వాటినే హ్యాంగర్ రెండు భుజాల చివర్లా చుట్టేది. ఇక సిల్కు జాకెట్టు గాని, జార్జెట్ ఓణీ గాని కిందికి జారేది కాదు. ఇప్పుడు షాపుల్లో మఖ్మల్ అంటించిన హ్యాంగర్లు అమ్ముతున్నారు, అదీ ఇదీ చేసే పని ఒక్కటే.

అయితే జరీ ఉన్నదాన్ని మాత్రం రబ్బరు హ్యాంగర్ దరిదాపులకు రానిచ్చేది కాదు. రబ్బరు తగిలితే జరీ నల్లబడుతుందని అమ్మమ్మ చెప్పిందట. చాలా ఏళ్ళ తరువాత మా అమ్మాయి కెమిస్ట్రీ చదువుతూ కారణం చెప్పింది. ట్యూబు రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు, ఆ గంధకం జరీలోని వెండిని నల్లబరుస్తుంది అని. నా గద్వాల చీరలకు ఈ కారణంగానే హ్యాంగర్ లేదు. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు, మీద జరీ. ఆ బరువు కొంగును వేలాడదీస్తే నూలు సాగుతుంది. మల్లుబట్టలో చుట్టి, అడ్డంగా పెట్టి, ఆర్నెల్లకోసారి మడత మార్చాలి. రబ్బరు కూడా ఎండలకు జిగటగా అవుతుంది, బట్టకు నల్లగా అంటుతుంది. అందుకని ఎండాకాలం దాటగానే పాతవి విప్పి కొత్తవి కట్టేది అమ్మ.

ఇన్ని హ్యాంగర్లను ఒక లెక్కలో పెట్టడానికి అమ్మకు ఉన్న లెక్క ఆ దర్వాజ వెనుక మొలే. మొల పొడవు ఎంతో సుట్టాల హ్యాంగర్లు అన్ని. మొల నిండితే ఇక కొత్తది ఎక్కదు. ఎక్కాలంటే ఒకటి దిగాలి. దిగినవి సజ్జ మీద యూరియా సంచిలో, చిన్నమామ కట్టుతో ఉండేవి. ఆ సంచి కూడా సగం దాటితే బాగున్నవి ఏరి ఇస్త్రీ బండి ఆయనకు ఇచ్చేది. ఆయన కృతజ్ఞతగా నాయిన ధోవతికి గంజి బాగా పెట్టేవాడు. వంకరవి, మెడ వదులైనవి పాత సామానోడికి. ఏదీ అటూ ఇటూ తిరగదు, కుర్చీ మీద పడి ఉండదు. ఇల్లు సర్దడం గురించి ఇప్పుడు ఎన్ని వీడియోలు వచ్చినా ఆ మొల కన్నా మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

నాయినకు నకిరేకల్, దేవరకొండ, మళ్ళీ నల్లగొండ అని బదిలీలు అయ్యాయి. డీసీఎంలో సామాను ఎక్కించేటప్పుడు అమ్మ హ్యాంగర్ల కట్టను మంచం నవారు సందులో దూర్చేది, విరగకుండా, చేతికి అందేటట్టు. కొత్త ఇంట్లో దేవుడి పటం పెట్టి, పాలు పొంగించి, ఆ తరువాత చేసే పని దర్వాజ వెనుక మొల కొట్టించడం. సామాను దించడానికి వచ్చిన నాయిన దోస్తులు చెమట అంగీలు విప్పుతారు కదా.

గల్లీలో పెండ్లి అయితే మా హ్యాంగర్లకూ పిలుపు వచ్చేది. గిన్నెలు, చాపలు, పరుపులు ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చుకునే రోజులు. స్టీలు గిన్నెలకైతే పేర్లు కొట్టించి ఉంటాయి, కలిసిపోయినా తిరిగి వస్తాయి. హ్యాంగర్లకు పేరెక్కడ కొట్టిస్తాం? అమ్మ మెడ దగ్గర ఎర్ర నూలు నాలుగు చుట్లు వేసి పెట్టేది. ఎర్ర మెడ ఉంటే సారు వాళ్ళవి అని గల్లీ అంతటికీ తెలుసు. విడిదింట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నులక తాడు లాగి కట్టి, మా హ్యాంగర్లన్నీ వరసగా తగిలించేవారు. పిల్లగాని తరఫు వాళ్ళు రాత్రి బస్సు దిగి వచ్చి, అద్దం, దువ్వెన, సబ్బు, కొబ్బరినూనె అన్నీ అమర్చి ఉండటం, పైన హ్యాంగర్లు ఖాళీగా ఎదురుచూస్తూ ఉండటం చూసి మురిసిపోయేవారు. మర్యాదలో ఏం లోటు జరుగుతుందా అని వెతకడానికే వచ్చినట్టుండే పెద్దమనుషులు కూడా కోటు తగిలించుకోవడానికి జాగా దొరికితే మెత్తబడతారు. ఇది నేను కళ్ళతో చూశాను. పెండ్లయిన మూడోనాడు పిల్ల తల్లి స్వయంగా హ్యాంగర్ల కట్ట, దాని మీద లడ్డూల పొట్లం పెట్టి తెచ్చి ఇచ్చేది.

అన్నీ తిరిగి వచ్చేవని కాదు. మా తమ్ముడూ వాడి దోస్తులూ తీగ హ్యాంగర్ కనబడితే వదిలేవాళ్ళు కాదు. సైకిల్ గీర దొర్లించడానికి ముందు భాగం వంచిన తీగ కావాలి, హ్యాంగర్ నిఠారుగా చేస్తే అచ్చం అదే. గడియారం సెంటర్ దాకా గీర దొర్లించుకుంటూ పోయి వచ్చేవారు. రేడియో ఏరియల్ విరిగితే ఒకటి, మునగకాయలు తెంపే కట్టెకు కొక్కెం కావాలంటే ఒకటి. అమ్మ వాటికి సంచిలోవి ఇచ్చేది, మొల మీదివి కాదు.

ముసురు పట్టిన రోజుల్లో మాత్రం మొల మీదివి మాకూ దిగేవి. రెండు మూడు రోజులు ఎండ కనబడకపోతే బడి డ్రెస్సులు ఆరవు. ఉన్నవి రెండు జతలే. దర్వాజల పై అంచులకు, కిటికీ ఊచలకు, ఫ్యాన్ కింద కట్టిన తాడుకు, ఇల్లంతా హ్యాంగర్ల మీద తెల్ల చొక్కాలు, నీలి లాగులు. తాడు మీద మడత పడి వేసిన బట్ట కన్నా హ్యాంగర్ మీద విప్పారిన బట్ట తొందరగా ఆరుతుంది, గాలి లోపలికి పోతుంది కాబట్టి. అప్పుడు కూడా ఒక్కటి మాత్రం మొల మీద ఉంచేది. వానలో తడిసి ఎవరైనా వస్తే అని.

మక్తల్‌లో మా అత్తది ఇంకో తీరు. ఆమెకు హ్యాంగర్ల మీద నమ్మకం లేదు. గోడకు చిలుక కొయ్యలుండగా ఈ తీగలెందుకు అనేది. నారాయణపేట చీరలు మడిచి సందుగలో పెట్టుకునేది. చిన్నమామ తెచ్చిన కట్ట నేను విప్పి వాడుతుంటే చూసి చూసి, ఒకనాడు మామ గొంగడిని ఆరేయడానికి కట్టె హ్యాంగర్ ఒకటి అడిగింది. తడిసిన గొంగడి బరువు తీగ మోయదని ఆమెకు చెప్పకుండానే తెలుసు. వడ్లాయన చేసినవాటిలో ఒకటి నల్లగొండ నుంచి తెచ్చి ఇచ్చాను. మామ పోయిన తరువాత కూడా ఆ గొంగడి దాని మీదే ఉండేది.

ప్లాస్టిక్ హ్యాంగర్లు వచ్చాక అన్నీ చవకయ్యాయి. రెడీమేడ్ చొక్కా కొంటే హ్యాంగర్ వెంట వస్తుంది. ఆన్‌లైన్‌లో డజన్ల లెక్కన వస్తాయి. రంగులు బాగుంటాయి, జంగు పట్టదు. అది మంచిదే, కాదనను. కానీ ఎండ తగిలిన ప్లాస్టిక్ రెండేళ్ళకు పెళుసెక్కి, తడి జీన్స్ వేస్తే మెడ దగ్గర పుటుక్కుమంటుంది. విరిగిన ప్లాస్టిక్‌తో ఏ పనీ కాదు. తీగ విరగదు, వంగుతుంది, మళ్ళీ సరిచేసుకోవచ్చు. కట్టె అయితే మనవల దాకా వస్తుంది. నా ఇంట్లో ఇప్పుడు కొత్తది కొనాల్సి వస్తే కట్టెదే కొంటాను, ఖర్చు ఎక్కువైనా.

నాయిన లేడు. అమ్మ నల్లగొండలోనే తమ్ముడి దగ్గర ఉంటుంది. సొంత ఇల్లు, అర్రకొక కప్‌బోర్డు, లోపల స్టీలు రాడ్లు. వాయిదాలకు, ఆఫీసు పనులకు వచ్చే సుట్టాలు తగ్గారు. జిల్లాలు విడిపోయాయి, సొంత బండ్లు వచ్చాయి, పని చూసుకుని అదే సాయంత్రం వెళ్ళిపోతున్నారు. అయినా చెర్వుగట్టు జాతరకు వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. తమ్ముడి ఇంటి దర్వాజలకు మొల కొట్టనివ్వలేదు మరదలు. కొత్త టేకు తలుపులు, ఆమె బాధ ఆమెది. దాని బదులు ముందర్ర గోడకు ఒక కట్టె పలక బిగించి కొక్కేలు పెట్టించింది. కోడలు అడగకుండానే చేయించిందని అమ్మ నాకు ఫోన్లో చెప్పింది, చాలాసేపు చెప్పింది.

ఈ ఏడు మా చిన్నమ్మాయి హాస్టల్‌కు పోతుంటే అమ్మమ్మ నూలు చుట్టిన హ్యాంగర్లు కావాలంది. హాస్టల్ అల్మారీలో ఒక్కొక్కరికి ఉన్న జాగా మూరెడు, ప్లాస్టిక్‌వి లావుగా ఉండి పట్టవట. అమ్మ ఉన్నవన్నీ తీసి ఇచ్చింది. అక్కడ తోటి పిల్లలు చూసి, మాకూ కావాలని అడిగారట. ఇప్పుడు అమ్మకు చేతివేళ్ళు నొస్తాయి, గంట కూర్చుంటే నడుము పడుతుంది, అయినా ఒప్పుకుంది. నూలు పుట్టపాక నుంచి మామయ్య కొడుకు పంపాడు. తీగవి ఇస్త్రీ బండి ఆయన కొడుకు తెచ్చి ఇచ్చాడు. రబ్బరు పట్టీలకే వెతుకులాట. సైకిల్ పంచర్లు వేసేవాళ్ళు గల్లీలో ఎవరూ మిగల్లేదు. తమ్ముడు రెండు స్కూటర్ ట్యూబులు పట్టుకొస్తే అమ్మ వేలితో నొక్కి చూసి తిరిగి ఇచ్చేసింది. "ఇది మందం రా, చుట్టుకు రాదు. పిల్లల సైకిల్ది తే" అంది. మీలో నల్లగొండ చుట్టుపక్కల ఎవరికైనా పాత సైకిల్ ట్యూబులు ఉంటే పారెయ్యకండి, పంచరైనవైనా సరే. తమ్ముడు వచ్చి తీసుకుపోతాడు.